చదువు లేనివాడా, మర్యాద లేనివాడా?

మా పెద్దన్నయ్య కూతురు ఇంగ్లండు దేశంలో ఒక వృద్ధుల ఆశ్రమంలో నర్సుగా పనిచేస్తున్నది. వారానికొకసారి, ఆదివారం ఆరాధన ముగించుకొని మేము ఇంటికి చేరే వేళ చూసుకొని ఫోను చేస్తుంది. ఊరి సంగతులు, వానల సంగతులు అడిగి, అక్కడి సంగతులు చెబుతుంది. ఆ అమ్మాయి చెప్పిన ఒక చిన్న సంఘటన నా మనసులో చాలా రోజులు మెదిలింది. మాట ఎంత సున్నితమైనదో, అందులోనూ పరాయి భాషలో మాట ఎంత ప్రమాదకరమైనదో తెలిపే సంఘటన గనుక పాఠకులతో పంచుకోవాలని తోచింది.

ఆ ఆశ్రమంలో వంటశాలకు, పడకలకు మధ్య తిరుగుతూ ముసలివారికి అన్నపానాలు అందించే పనిలో ఇటలీ దేశపు యువతి ఒకతె ఉన్నది. నేపుల్స్ పట్టణానికి దగ్గరి పల్లెటూరి పిల్ల. ఇంగ్లీషు బడిలో కొంత నేర్చుకున్నది, మిగిలినది పనిలో నేర్చుకొంటున్నది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు నిండలేదు, ఇంకా పరీక్షాకాలమే. ఒకనాడు ఒక ముసలామెను చూడవచ్చిన కొడుకు, తల్లికి ఇచ్చిన టీ చల్లారిపోయిందని పదిమంది ఎదుట ఈ పిల్లమీద కేకలు వేశాడు. ఆమె ఏమీ అనలేదు. తరువాత వరండాలో పై అధికారిణితో చెబుతూ, 'ఆయన ఎడ్యుకేటెడ్ కాదు' అన్నది. ఆయన తలుపు అవతలే ఉన్నాడు. విన్నాడు.

ఆ మనిషి పదిహేనవ ఏట బడి మానేసి పనిలో చేరినవాడట. తిట్టినా ఓర్చుకొనేవాడేమో గాని ఆ మాటకు ఓర్చుకోలేకపోయాడు. నాకు చదువు లేదని నన్ను ఎగతాళి చేసిందని కాగితం రాసి ఇచ్చాడు. మరునాడు ఈ పిల్లను పిలిపించి అడిగితే, తాను చేసిన తప్పేమిటో ఆమెకు అర్థమే కాలేదు. 'అవును, అన్నాను. ఆయన ఎడ్యుకేటెడ్ కాదు గదా!' అని మళ్లీ అదే మాట అన్నదట. పాపం, తన మెడకు తానే ఉరి బిగించుకొంటున్నానని ఆమెకు తెలియదు.

ఇటాలియన్ భాషలో ఎదుకాతో అంటే చదువుకున్నవాడు అని కాదు, మర్యాద తెలిసినవాడు అని. మలెదుకాతో అంటే మర్యాద తెలియనివాడు. మలె అంటే చెడ్డగా, ఎదుకాతో అంటే పెంచబడినవాడు. మొత్తం కలిపితే చెడ్డగా పెరిగినవాడు. లాటిన్ భాషలో ఎదుకారె అన్న క్రియకు పిల్లలను పెంచి పెద్దచేయడమని అర్థం. ఆ వేరునుండి పుట్టిన మాట ఇంగ్లీషువారి ఇంటికి వెళ్లి బడిలో కూర్చున్నది. ఇటలీలో మాత్రం అమ్మ ఒడిలోనే ఉండిపోయింది. బడి చదువుకు ఇటాలియన్లు వాడే మాట వేరు, ఇస్త్రుత్సియోనే. వారి విద్యా మంత్రిత్వ శాఖ పేరులో కూడ ఆ మాటే ఉన్నది. 1929లో ముస్సోలినీ ప్రభుత్వం దానిని తీసివేసి ఎదుకాత్సియోనే అన్న మాట పెట్టింది. అంటే దేశంలోని పిల్లలకు పాఠాలు చెప్పడమే గాక వారిని పెంచే పని కూడ తామే చేస్తామని ఆ ప్రభుత్వపు ఉద్దేశమన్నమాట. 1944లో పాత పేరే తిరిగి వచ్చింది.

ఈ తేడా తెలుగువారికి చెప్పనక్కరలేదు. మన ఊళ్లలో దారిన పోయే పిల్లవాడు పెద్దల ఎదుట నోరు జారితే, 'ఏ బళ్లో చదివావురా?' అని అడిగేవారు ఎవరూ లేరు. 'ఇదేనా మీ అమ్మ నేర్పింది?' అంటారు. పెంపకాన్ని అంటారు. పట్టాలు రెండున్నా సంస్కారం లేదు అంటాము, వేలిముద్ర మనిషైనా ఎంతో సంస్కారం గలవాడు అంటాము. మా అన్నయ్య కూతురికి ఆ ఇటలీ పిల్ల మనసులోని మాట అందరికంటె ముందుగా అర్థం కావడానికి కారణం ఇదే. 'అమ్మా, ఆయనకు చదువు లేదని కాదు ఈమె అన్నది, సంస్కారం లేదని' అని పై అధికారిణికి చెప్పి చూసింది. అది చెప్పడానికి కూడ సరియైన ఇంగ్లీషు మాట కోసం కొంచెం తడుముకోవలసి వచ్చిందట!

అప్పటినుండి వారిద్దరూ రాత్రి పని ముగిసిన తరువాత ఒక నోటుపుస్తకం ముందు పెట్టుకొని కూర్చోవడం మొదలుపెట్టారు. మొదటి గడిలో ఇటాలియన్ మాట, రెండవ గడిలో ఇంగ్లీషు మాట. మూడవ గడి మా పిల్ల గీసుకున్నది, తెలుగు కోసం. ఇటాలియన్, ఇంగ్లీషు మాటలు కూడ నేను చదువుకొనేందుకు తెలుగు అక్షరాలలో రాసిన ప్రతి ఒకటి చేసి, దాని ఫొటోలు నాకు పంపింది. ఈ వ్యాసంలో చాలా భాగం ఆ గడులలోనుండి తీసినదే.

ముందుగా రూడ్ అన్న మాట. అమర్యాదకు ఇంగ్లీషులో అన్నిటికంటె ఎక్కువగా వాడే మాట ఇది. చిన్నపిల్లలు మొదలు న్యాయమూర్తుల వరకు అందరూ వాడతారు. ఇటాలియన్‌లో కూడ అవే అక్షరాలతో రూదె అనే మాట ఉన్నది. అయితే దాని అర్థం మోటు, కఠినం, గరుకు. రూదె అయిన మనిషి అంటే పైకి మెత్తని మాటలు తెలియనివాడే గాని తప్పనిసరిగా చెడ్డవాడు కాడు. కొండలలో గొర్రెలు కాచుకొనే మనిషిని ఆ మాటతో గౌరవంగానే వర్ణించవచ్చు. ఇద్దరు అక్కచెల్లెళ్లు వేరువేరు ఊళ్లకు కోడళ్లుగా వెళ్లి వేరువేరు స్వభావాలు తెచ్చుకున్నట్టు ఈ మాటలు విడిపోయాయి.

ఇంగ్లీషులో కూడ ఈ మాట ఎల్లప్పుడూ తిట్టుగా లేదు. ఇంగ్లీషు బైబిలు చదివే అలవాటు ఉన్న పాఠకులు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక పదకొండవ అధ్యాయం ఆరవ వచనం తీసి చూడవచ్చు. పౌలు తాను మాటకారితనం నేర్చినవాడు కాకపోయినా జ్ఞానం లేనివాడు కాడని చెప్పుకొన్న చోటు అది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ అనువాదంలో అక్కడ పౌలు తన మాటతీరును రూడ్ అన్న మాటతోనే చెప్పుకొంటాడు. నేటి ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారు చదివితే, పౌలు తన్ను తానే నోటి దురుసుగలవాడనని ఒప్పుకొన్నాడని భ్రమపడే అవకాశమున్నది. ఇటాలియన్ పాఠకునికి ఆ భ్రమ తక్కువ, ఎందుకంటే అతని భాషలో ఆ పాత అర్థం ఇంకా బ్రతికే ఉన్నది. మూలమైన గ్రీకులో ఆ చోట ఉన్న మాట ఇదియోతేస్. శిక్షణ లేని సామాన్యుడని దాని అర్థం. అపొస్తలుల కార్యముల నాలుగవ అధ్యాయంలో పేతురు, యోహానులను చూసి పెద్దలు ఆశ్చర్యపడినప్పుడు కూడ ఆ మాటే వచ్చింది. తరువాతి కాలంలో ఇంగ్లీషువారు దానిని ఇడియట్ చేశారు, ఇటాలియన్లు ఇదియోతా చేశారు. చదువు లేనివాడు క్రమంగా తెలివిలేనివాడయ్యాడు. బడికి వెళ్లని జాలరులు ఏం పాపం చేశారని!

ఈ అన్యాయం ఆ ఒక్క మాటతో ఆగలేదు. నోటుపుస్తకంలో నాకు అన్నిటికంటె కష్టం కలిగించిన పుట ఒకటి ఉన్నది. మనవంటి పల్లెవాసులు దానిని శ్రద్ధగా చదవాలి. ఇటాలియన్‌లో విల్లానో అంటే మర్యాద లేని మొరటువాడు. లాటిన్‌లో విల్లా అంటే పొలాల మధ్య కామందు కట్టుకొన్న ఇల్లు, ఆ కమతం. ఆ కమతంలో దున్నేవాడు విల్లానుస్. అతడే ఇటలీలో మర్యాద లేనివాడయ్యాడు. అతడే ఫ్రెంచివారి మీదుగా ఇంగ్లండు చేరి, మొదట భూమికి కట్టుబడిన పాలేరు అయి, చివరకు విలన్ అయ్యాడు. మన సినిమాలలో గళ్ల లుంగీ కట్టి మీసం మెలివేసే విలన్ అసలు ఎవరయ్యా అంటే, ఎవరి జోలికీ పోకుండా మడి దున్నుకొన్న రైతుకూలీ! ఇటాలియన్లు ఇంగ్లీషు నేర్చుకొనేటప్పుడు ఈ మాట దగ్గర జారిపడతారు. పక్కవాడు తన కాలు తొక్కి క్షమాపణ చెప్పలేదని వాడిని విలన్ అంటే, ఇంగ్లీషువాడు ఏదో హత్య జరిగిందేమోనని చూస్తాడు.

ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషులో మొరటువాణ్ణి బోర్ అంటారు. విసిగించేవాడు కాదు, పలికే తీరు ఒకటే గాని అక్షరాలు వేరైన మరొక మాట. అది డచ్చి భాషలో రైతుకు పేరు. చర్ల్ అన్న మాటకూడ అంతే, పూర్వం ఇంగ్లండులో ఏ బిరుదూ లేని సామాన్య గ్రామస్థుడతడు. మరి మర్యాదకు ఏ మాటలున్నాయి? సివిల్ అంటే పౌరునికి తగినది, అర్బేన్ అంటే పట్టణవాసికి తగినది. మనమూ తక్కువ తినలేదు. నగరంలో ఉండేది నాగరికం, గ్రామంలో ఉండేది గ్రామ్యం. బళ్లో మేష్టారు మా నోట వచ్చిన ఇంటి మాటను గ్రామ్యమని కొట్టివేసినప్పుడల్లా తప్పు నాలో ఉన్నదనుకొన్నాను గాని, ఆ పేరు పెట్టినవాడు ఏ ఊరివాడో అడగాలని అప్పుడు తోచలేదు. నిఘంటువులు రాసినవారు పట్నంలో కూర్చొని రాశారు, అంతే.

దక్షిణ ఇటలీలో ఈ వరుసకు చెందిన మాట కఫోనే. పల్లెటూరి కూలివాడని అసలు అర్థం, సంస్కారం లేనివాడని వాడుక అర్థం. అబ్రుత్సో ప్రాంతంలో పెషీనా అనే ఊరిలో 1900లో పుట్టిన రచయిత ఇన్యాత్సియో సిలోనే, ముస్సోలినీ కాలంలో దేశం విడిచి స్విట్జర్లాండులో తలదాచుకొని, తన ప్రాంతపు నిరుపేద రైతులను గూర్చి ఫొంతమారా అనే నవల రాశాడు. 1933లో జ్యూరిక్ పట్టణంలో మొదట జర్మను అనువాదంగా వెలువడింది. ఆ పుస్తకపు ముందుమాటలో ఆయన ఈ కఫోనే అన్న మాట తిట్టని తెలిసే వాడుతున్నానని, బాధపడడం సిగ్గుకాని రోజు తన దేశంలో వచ్చినప్పుడు అది గౌరవవాచకం అవుతుందని ఆశ వెలిబుచ్చాడు. ఇప్పటికీ అది తిట్టుగానే ఉన్నది. నేపుల్స్ పల్లెనుండి వచ్చిన ఈ పిల్ల ఆ మాటను నోటుపుస్తకంలో రాసి, ఎదుట ఇంగ్లీషు గడిని ఖాళీగా వదిలివేసింది. మా పిల్ల మాత్రం తెలుగు గడిలో 'పల్లెటూరి బైతు' అని రాసి, దానిమీద ఒక గీత కొట్టింది. హైదరాబాదులో నర్సింగు చదివే రోజుల్లో ఆ మాట ఆమె చాలాసార్లు పడింది.

ఇక చిన్నచిన్న మాటలలోకి వద్దాము. మర్యాదకు వ్యతిరేకం చెప్పడానికి ఇటాలియన్లకు సులువైన ఉపాయాలున్నాయి. ముందు ఒక స చేరిస్తే చాలు. కోర్తేజె మర్యాదస్థుడు, స్కోర్తేజె మర్యాద లేనివాడు. గర్బాతో సౌమ్యుడు, స్గర్బాతో కటువైనవాడు. వెనుక ఆచ్చో, ఆచ్చా చేర్చినా మాట చెడిపోతుంది. పరోలా అంటే మాట, పరోలాచ్చా అంటే బూతుమాట. రగాత్సో అంటే కుర్రవాడు, రగత్సాచ్చో అంటే అల్లరి వెధవ. ఇంగ్లీషులో ఈ తోక లేదు. తలలేమో ఎక్కువ. పొలైట్‌కు ఇమ్ పెట్టాలి, కర్టియస్‌కు డిస్ పెట్టాలి, సివిల్‌కు అన్ పెట్టాలి, మేనర్డ్‌కు ఇల్ అనో బ్యాడ్ అనో పెట్టాలి. ఏ తల ఏ మొండేనికి అతకాలో సూత్రమేమీ లేదు, చదివి చదివి నోటికి రావలసిందే. మనకూ అమర్యాద, అసభ్యం, అవమానం, దుష్ప్రవర్తన అని మూడు రకాలున్నాయి గాని తల్లిపాలతో వచ్చినవి కనుక బరువు తెలియలేదు.

పైగా ఈ ఇంగ్లీషు మాటలన్నీ ఒకే బరువు గలవి కావు. ఇమ్‌పొలైట్ అన్నది మెత్తని మాట, పద్ధతి కాదు అన్నంత. డిస్కర్టియస్ ఉత్తరాలలోను ఆఫీసు కాగితాలలోను కనిపిస్తుంది. బ్యాడ్ మేనర్డ్ అంటే ఒకసారి చేసిన పని కాదు, అలవాటే అట్టిదని. ఇన్సొలెంట్ అన్నది చిన్నవాడు పెద్దవాని ఎదుట తలబిరుసు చూపినప్పటి మాట. తోటివాడు తోటివాణ్ణి అంటే అంతగా నప్పదు. ఇంపర్టినెంట్ అంటే తనకు సంబంధం లేని దానిలో నోరు పెట్టడం. ఈ రెండూ ఇటాలియన్‌లో ఇంచుమించు అవే రూపాలతో, అవే అర్థాలతో ఉన్నాయి గనుక ఆ పిల్లకు కష్టం కాలేదు. బ్రస్క్ అన్న మాట చూసి మాత్రం నవ్వుకొన్నదట. ముక్తసరిగా, పులుపు విరిచినట్టు మాట్లాడే తీరును ఇంగ్లీషులో అలా అంటారు. అది తన ఇంటి మాటే. ఇటాలియన్‌లో బ్రుస్కో అంటే పుల్లనిది. పుల్లని ద్రాక్షసారా రుచిని చెప్పే మాట ఫ్రాన్సుకు, అక్కడినుండి ఇంగ్లండుకు వెళ్లి మనుషుల మాటతీరుకు అంటుకొన్నది.

అన్నిటికంటె ఆమెను తిప్పలు పెట్టిన మాట చీకీ. చీక్ అంటే చెంప గదా. పెద్దలకు ఎదురు చెప్పే పిల్లవాణ్ణి, హద్దు దాటి చమత్కరించేవాణ్ణి ఇంగ్లండులో చీకీ అంటారు. అందులో సగం కోపం, సగం ముద్దు. మనము గడుగ్గాయి అన్నట్టు, పెంకి వెధవ అని నవ్వుకొన్నట్టు. ఇటాలియన్‌లో దగ్గర మాట స్ఫచ్చాతో, అంటే ముఖం పోగొట్టుకొన్నవాడు. అందులో ముద్దు లేదు, సిగ్గులేనితనమే ఉన్నది. సిగ్గును ముఖంలో చూడడం మాత్రం మూడు భాషలకూ ఒకటే. ఇటలీలో సిగ్గులేనివానిది కంచు ముఖం, ఇంగ్లండులో ఇత్తడి మెడ. ఏ మొహం పెట్టుకొని వచ్చావు అని మనమూ అడుగుతాము. పొమ్మని కసిరికొట్టేటప్పుడు ఇటాలియన్లు 'ఆ ఊరికి వెళ్లు' అంటారట. ఏ ఊరో చెప్పరు, విన్నవానికి తెలుసు.

పలుకుబడిలో ఒక గొయ్యి ఉన్నది. ఇటాలియన్ భాషలో మనకున్నట్టు హ్రస్వ ఇకారం, దీర్ఘ ఈకారం వేరువేరు అర్థాలు ఇవ్వవు. ఇంగ్లీషులో దుప్పటిని చెప్పే మాటలోను, సముద్రతీరాన్ని చెప్పే మాటలోను దీర్ఘం పోతే నోట రాకూడని మాటలవుతాయి. మంచాలమీద దుప్పట్లు మార్చే పనిచేసే పిల్లకు ఇది ఎంత ఇబ్బందో ఊహించండి. మా పిల్లకు ఈ బాధ లేదు. గుణింతం బలపంతో దిద్దించిన అయ్యవారికి ఆమె ఇంగ్లండులో కూర్చొని కృతజ్ఞత చెప్పుకొన్నది.

ఈ తంటాలు కొత్తవి కావు. 1550 నాటికి లండనులో ఇటాలియన్ ప్రొటెస్టంటు శరణార్థుల సంఘమొకటి ఏర్పడి, దానికి మికెలాంజెలో ఫ్లోరియో అనే ఆయన పాస్టరుగా ఉన్నాడు. పూర్వాశ్రమంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసి. మేరీ రాణి సింహాసనమెక్కి ప్రొటెస్టంటులకు కష్టకాలం రాగానే కుటుంబంతో దేశం విడిచి, ఆల్ప్స్ కొండల మధ్య సోల్యో అనే పల్లెలో సంఘకాపరి అయ్యాడు. ఆయన కుమారుడు జాన్ ఫ్లోరియో పెద్దవాడై లండనుకు తిరిగివచ్చి, భాషలు చెప్పుకొని బ్రతికాడు. 1578లో రెండు భాషల సంభాషణలతో ఒక పాఠపుస్తకం, 1598లో ఇటాలియన్-ఇంగ్లీషు నిఘంటువు వేశాడు. దానిని పెంచి మళ్లీ వేసినది 1611లో, కింగ్ జేమ్స్ బైబిలు వచ్చిన సంవత్సరంలోనే. ఇంగ్లీషు డోవరు రేవు దాటితే ఎందుకూ కొరగాదని ఆ పాఠపుస్తకంలో ఒక పాత్ర చేత చెప్పించాడు. ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది. ఆ రోజుల్లో మర్యాద నేర్చుకోవాలంటే ఇంగ్లీషువారే ఇటలీవైపు చూసేవారు. జొవాన్ని దెల్లా కాసా అనే మతాధికారి రాసిన గలతేయో అనే మర్యాదల పుస్తకం ఆయన చనిపోయిన తరువాత 1558లో వెనిస్‌లో అచ్చయి, 1576లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఇటలీలో ఇప్పటికీ గలతేయో అంటే మర్యాదల శాస్త్రమనే అర్థం.

రెండు వందల ఏళ్ల తరువాత మరొకడు, జుజెప్పె బరెత్తి. 1719లో తూరిన్‌లో పుట్టి, లండను చేరి, 1760లో ఇంగ్లీషు-ఇటాలియన్ నిఘంటువు ప్రచురించాడు. మర్యాద, అమర్యాదల మాటలన్నీ అర్థాలతో కూర్చినవాడే ఒక రాత్రి వాటి మధ్య చిక్కుకొన్నాడు. 1769 అక్టోబరులో హేమార్కెట్ వీధిలో నడిచిపోతుండగా ఒక వీధి స్త్రీ అసభ్యంగా అతనిమీద చేయి వేసింది. అతడు ఆమెను కొట్టాడు. చుట్టూ మగవాళ్లు మూగి, పరదేశి అని తిడుతూ, తోస్తూ వెంటపడ్డారు. చూపు సరిగా ఆననివాడు, చీకటి. జేబులో పండ్లు కోసుకొనే చిన్న కత్తి ఉన్నది, అతని దేశంలో అది ఉంచుకొనే అలవాటే. దానితో పొడిచాడు. ఒకడు చనిపోయాడు. హత్యానేరం మీద ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో నిలబెట్టారు. పరదేశి కనుక జూరీలో సగంమంది పరదేశీయులు ఉండాలని కోరే హక్కు అతనికున్నది. అక్కరలేదన్నాడు, ఇంగ్లీషువారే తీర్పు చెప్పనీ అన్నాడు. నిఘంటుకర్త డాక్టర్ జాన్సన్, ఎడ్మండ్ బర్క్, నటుడు గారిక్, చిత్రకారుడు రేనాల్డ్స్, గోల్డ్‌స్మిత్ వరుసగా వచ్చి అతని నడవడిని గూర్చి సాక్ష్యం చెప్పారు. ఆత్మరక్షణ అని విడిచిపెట్టారు. అంత పెద్దమనుషులు పక్కన లేని పరదేశి గతి ఏమయ్యేదో చెప్పలేము.

మాటలు తెలిసినంతమాత్రాన మర్యాద రాదు, అది నిజమే. ఇటాలియన్లకు ఇంగ్లీషులో తెలియకుండానే అమర్యాదస్థులుగా కనబడే గుణం ఒకటి ఉన్నది, అది మనకూ ఉన్నది. ఇంగ్లీషువారికి నువ్వు, మీరు రెండూ ఒకటే మాట. అందువల్ల గౌరవమంతా ప్లీజ్‌లోను, థాంక్యూలోను, కుడ్ యూ, వుడ్ యూ అన్న డొంకతిరుగుడులోను మోయాలి. ఇటాలియన్‌లో దగ్గరివానికి తు, పెద్దవానికి లేయి. లేయి అంటే ఆమె అనే అర్థం కూడ ఉన్నది, మగవాణ్ణి గౌరవించినా ఆ మాటే. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం ఆ లేయిని నిషేధించి వోయి అనాలని ఉత్తర్వు చేసింది. ప్రభుత్వం పోయింది, లేయి మిగిలింది. ఇలా క్రియాపదంలోనే గౌరవం ఇమిడిపోయే భాషలవారికి పైన ప్లీజ్ చల్లాలన్న ఆలోచన రాదు. ఇటలీ దుకాణదారు ఖాతాదారును చూసి 'దీక' అంటాడు, అంటే 'చెప్పండి'. మన కొట్టులో సెట్టిగారూ 'చెప్పండి' అనే అంటారు, అందులో అండి ఉన్నది, చాలు. అదే మాటను ఇంగ్లీషులోకి మార్చి 'టెల్ మీ' అంటే పోలీసు ఠాణాలో అడిగినట్టుంటుంది! తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అని పాశ్చాత్యులు పొగిడినది అచ్చులతో ముగిసే మాటల తీపిని చూసి. ఈ పోలిక వారు గమనించారో లేదో గాని, ఆశ్రమంలో ఇద్దరు పిల్లలు గమనించారు.

ఇక ఆ ఫిర్యాదు సంగతి. ఆయనకు క్షమాపణ ఉత్తరం రాయమని పై అధికారిణి చెప్పింది. ఇటలీ పిల్ల కూర్చొని 'జెంటైల్ సర్' అని మొదలుపెట్టింది. ఇటలీలో మర్యాదగల ఉత్తరాలు తరచు జెంతీలె అన్న మాటతో మొదలవుతాయి, దయగల అయ్యా అన్నట్టు. ఇంగ్లీషులో జెంటైల్ అంటే యూదుడు కానివాడు, మన బైబిలులోని అన్యజనుడు! మా పిల్ల దానిని కొట్టివేసి డియర్ అని రాయించింది. తరువాతి వాక్యం దగ్గర ఇద్దరూ ఒక గంట ఆగిపోయారు. మీకు చదువు లేదని నేను అనలేదు అని చెప్పాలి, బాగానే ఉన్నది. మరి ఏమన్నట్టు? మీకు మర్యాద లేదని అన్నాను అని రాస్తే అది క్షమాపణ అవుతుందా? అబద్ధం రాయడానికి ఆ పిల్ల ఒప్పుకోలేదు. రూడ్ అని రాసి కొట్టివేశారు, ఇమ్‌పొలైట్ అని రాసి కొట్టివేశారు. చివరకు ఉన్నది ఉన్నట్టే రాశారు. మా భాషలో ఈ మాటకు అర్థం పెంపకానికి సంబంధించినది, బడికి సంబంధించినది కాదు, మీరు కేకలు వేసినప్పుడు నాకు బాధ కలిగి ఆ మాట అన్నాను, అది మీకు మరొక విధంగా తగిలినందుకు చాలా విచారిస్తున్నాను, టీ చల్లారిన మాట నిజమే, అని.

తరువాతి వారం ఆయన తల్లిని చూడవచ్చి, ఈ పిల్ల దగ్గర ఆగాడట. బడి మానేసిన సంగతి చెప్పాడు. రూడ్ అని ఉంటే తనకు ఏమీ అనిపించేది కాదన్నాడు. ఆ రోజు తాను స్ట్రాపీగా ఉన్నమాట వాస్తవమే అన్నాడు. ఆ మాట వీరిద్దరికీ తెలియదు. నోటుపుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టారు. రెండవ గడిలో ఆయనే తన చేతితో రాసిపెట్టాడు. ఇటలీ పిల్ల ఆలోచించి మొదటి గడి నింపింది. మూడవ గడికి మాట తోచక మా పిల్ల ఆ ఆదివారం ఫోను చేసి, 'బాబాయ్, ఊరికే కస్సుమని లేచి, తరువాత చల్లబడే మనిషిని ఏమంటాం?' అని అడిగింది. చిర్రుబుర్రులాడేవాడు అన్నాను. పక్కనుండి మీ పిన్ని, 'మీ బాబాయి పేరు రాసుకోవే' అన్నది.